“ఆరాధన అయిపోయింది, ఇక వాక్యం” అనే సంఘానికి ఆరాధన పునాదులు ఎలా నేర్పాలి?

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మీది వంద కుటుంబాల సంఘం. రెండేళ్ల క్రితం కీబోర్డు, ప్యాడ్లు, కొత్త సౌండ్ సెట్టు వచ్చాయి. అప్పట్నుంచి కుర్రాళ్లకు ఆరాధన అంటే మొదటి నలభై నిమిషాల పాటలే. పెద్దవాళ్లేమో పాటలన్నీ అయ్యాక తీరిగ్గా వాక్యానికి, అంటే ప్రసంగానికి, వస్తున్నారు. ఆరాధనకు బైబిల్లో ఉన్న పునాదుల్ని వరసగా బోధిద్దామనుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎన్ని వారాలు పడుతుంది అని అడిగారు.

సూటిగా చెప్తాను. పాటల దగ్గర మొదలుపెట్టకండి. మీ ఆదివారపు క్రమాన్ని తీసుకోండి. ఒక్కో వారం ఒక్కో భాగానికి వాక్యం చూపించండి. చూపించినదాన్ని ఆ ఆదివారమే, ఆ కూటంలోనే చేయించండి. ఎనిమిది వారాలు చాలు. ఆ ఎనిమిది వారాలూ ఒకే మాట మీద నడవాలి: ముందు దేవుడు చేశాడు, ముందు దేవుడు మాట్లాడాడు, మనం చేసేదంతా దానికి జవాబు. ఇది వాళ్ల మనసుకెక్కితే కీబోర్డు గొడవ సగం దానంతటదే సద్దుమణుగుతుంది. ఎక్కకపోతే కీబోర్డు తీసేసినా ఒరిగేదేమీ ఉండదు.

నేను బాపట్ల వైపు పల్లె సంఘాల్లోనూ, తర్వాత ఒక టౌను సంఘంలోనూ కలిపి ముప్పై ఏళ్లకు పైగా చేశాను. ఈ విషయం మొదటిసారి బోధించినప్పుడు ఘోరంగా తప్పాను. బైబిలు కాలేజీ నుంచి వచ్చిన కొత్త. పది వారాలపాటు హెబ్రీ మాట, గ్రీకు మాట, ప్రత్యక్ష గుడారం కొలతలు, బలుల రకాలు అన్నీ చెప్పాను. నల్లబల్ల మీద బొమ్మలు కూడా వేశాను. పదో వారం అయ్యాక ఒక పెద్దామ్మ బయట చెప్పులు వేసుకుంటూ, “అయ్యగారూ, అంతా బాగా చెప్పారు గానీ, ఇంతకీ వచ్చే ఆదివారం నన్నేం చెయ్యమంటారు?” అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పుడు తెలిసింది నాకు, పది వారాలు నేను పాఠం చెప్పింది నాకేనని.

మాటల అర్థాలు అక్కర్లేదని కాదు. అయితే మన తెలుగు బైబిల్లోని మాటలతోనే మొదలుపెట్టవచ్చు. మనకు మూడు మాటలున్నాయి: మ్రొక్కుట, సేవించుట, ఆరాధించుట. ఈ మూడింట్లో మనవాళ్ల చేయి జారిపోయింది ‘సేవ’. ఇప్పుడు సేవ అంటే పాస్టరు చేసే పని, సేవకుడు అంటే పాస్టరు. “అబ్బాయిని సేవకిచ్చేశాం” అంటారు. కానీ రోమా 12:1 తీసి చూడండి. మీ శరీరాల్ని సజీవ యాగంగా సమర్పించుకోండి అని చెప్పి, “ఇట్టి సేవ మీకు యుక్తమైనది” అంటాడు పౌలు. అక్కడ గ్రీకులో ఉన్న మాట లాత్రెయా, అంటే దేవునికి చేసే ఆరాధన. సంఘంలో మేస్త్రీ పని చేసేవాడికీ, మిరపకోతలకు వెళ్లే ఆమెకూ ఆ మాట వర్తిస్తుందని చెప్పినప్పుడు మొదట నమ్మరు. “మేం సేవకులం కాదుగా అయ్యగారూ” అంటారు. అక్కడే ఓ పదిహేను నిమిషాలు ఆగండి, తొందరేం లేదు.

నిర్గమకాండం దీనికి మంచి గని. ఫరో చేయించుకున్న వెట్టిచాకిరీకీ, “నన్ను సేవించుటకు నా ప్రజలను పోనిమ్ము” అని దేవుడు అడిగిన సేవకూ హెబ్రీలో ఒకే ధాతువు. వాళ్లు వెట్టి నుంచి బయటికొచ్చింది ఊరికే కూర్చోవడానికి కాదు, యజమాని మారాడు. వరస కూడా చూపించండి. ఎర్రసముద్రం దాటింది 14వ అధ్యాయంలో. పాట 15లో. ఆజ్ఞలు 20లో, అవి కూడా “నిన్ను ఐగుప్తులోనుంచి రప్పించినవాణ్ణి నేనే” అన్న మాటతో మొదలవుతాయి. పాడినందుకు సముద్రం చీలలేదు. చీలింది కాబట్టి పాడారు. మా సంఘంలో ఈ ఒక్క వాక్యమే ఎక్కువమందికి గుర్తుండిపోయింది.

దీన్ని ఇంత గట్టిగా ఎందుకు పట్టుకోమంటున్నానంటే, “మనం స్తుతిస్తే దేవుడు దిగి వస్తాడు” అన్న మాట ఇప్పుడు ప్రతి మైకులోనూ వినబడుతోంది. దానికి 22వ కీర్తన మూడో వచనం చూపిస్తారు: “ఇశ్రాయేలు చేయు స్తోత్రములమీద ఆసీనుడవై యున్నావు.” ఆ కీర్తన మొదటి వచనం ఏమిటో మీ కుర్రాళ్లను అడగండి. “నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి?” ఎంత పిలిచినా జవాబు రాని మనిషి పట్టుకున్న మాట అది. శబ్దం పెంచితే సన్నిధి పెరుగుతుందన్న లెక్క అందులో లేదు. మనం దగ్గరికి రాగలగడానికి దారి యేసు రక్తమని హెబ్రీ 10:19 నుంచి 25 దాకా ఉంది. ఆ దారి ఆదివారం పొద్దున పాటల బృందం బాగా పాడని రోజు కూడా తెరిచే ఉంటుంది.

మొక్కుబడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన సంఘాల్లో మొదటి తరం, రెండో తరం విశ్వాసులు ఎక్కువ. కొడుక్కి వీసా వస్తే ఫలానా కానుక, కూతురి కాన్పు సుఖంగా అయితే ఫలానా కానుక అని కవరు మీద రాసి ఇస్తారు. కుర్ర పాస్టర్లు దీన్ని చూసి స్టేజీ మీద నుంచి వెక్కిరిస్తారు. వద్దు. 116వ కీర్తనలో కూడా మ్రొక్కుబళ్లు చెల్లించడం ఉంది. తేడా ఎక్కడుందంటే, ఆ కీర్తనకారుడు దేవునికి ఏం చెల్లించగలను అని అడిగి, ముందు రక్షణ పాత్రను చేతపట్టుకుంటానంటాడు. ఇచ్చే ముందు పుచ్చుకుంటున్నాడు. బేరానికీ కృతజ్ఞతకూ ఉన్న తేడా అది. ఆ కవర్లు తెచ్చే అమ్మలకు ప్రేమగా చెప్తే అర్థమవుతుంది. ఎగతాళి చేస్తే కవరు పక్క సంఘానికి వెళ్తుంది, అంతే.

ఇక ఆదివారపు క్రమానికి వద్దాం. నేను యెషయా 6ను వెన్నెముకగా పెట్టుకుంటాను. ప్రవక్త దేవుని పరిశుద్ధతను చూశాడు, అయ్యో అన్నాడు, నిప్పుతో పెదవులు శుద్ధి అయ్యాయి, మాట విన్నాడు, “నేనున్నాను, నన్ను పంపుము” అన్నాడు. స్తుతి, పాపాల ఒప్పుకోలు, క్షమాపణ, వాక్యం, పంపబడడం. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ల ఆరాధన క్రమంలో ఈ వరస అచ్చులోనే కనిపిస్తుంది. క్రమం పుస్తకం లేని సంఘాల్లో కూడా ఉంటుంది, కాకపోతే చెదిరిపోయి ఉంటుంది. ఇంకా చిన్నగా కావాలంటే 95వ కీర్తన తీసుకోండి. పదకొండు వచనాలే. మొదట ఉత్సాహధ్వని, ఆరో వచనంలో సాగిలపడి మోకరించడం, ఏడులో ఆయన మాట వినడం. పాటలకు మాత్రమే వచ్చేవాళ్లకు ఏడో వచనం, వాక్యానికి మాత్రమే వచ్చేవాళ్లకు మొదటి వచనం చదివి వినిపించండి. ఇద్దరూ నవ్వుతారు, ఇద్దరికీ తగులుతుంది.

ఒప్పుకోలు వారం మా దగ్గర జరిగింది చెప్తాను. వాక్యం చెప్పాక ఒక నిమిషం మౌనంగా ఉందాం అన్నాను. కీబోర్డు అబ్బాయికి చేతులు ఆగలేదు, సన్నగా ఏదో రాగం పట్టుకునే ఉన్నాడు. “బాబూ, చేతులు తీసెయ్” అన్నాను. నిజంగా నిశ్శబ్దం అయింది. పది సెకన్లకు వెనక వరసలోంచి ఎవరో “కరెంటు పోయిందా?” అన్నారు. అందరూ నవ్వారు. కానీ నాలుగో వారానికి ఆ నిమిషం కోసమే ముందుగా వచ్చేవాళ్లు తయారయ్యారు. మౌనానికి అలవాటు పడడానికి మనుషులకు కొన్ని వారాలు కావాలి. మొదటి వారమే వదిలెయ్యకండి.

వాక్య పఠనం మన సంఘాల్లో అన్నిటికన్నా చిన్నచూపుకు గురైన భాగం. చదువుటయందు జాగ్రత్తగా ఉండమని పౌలు తిమోతికి చెప్పింది (1 తిమోతి 4:13) సంఘంలో పైకి చదివి వినిపించడం గురించి. నెహెమ్యా 8లో జనం తెల్లవారినప్పట్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడి విన్నారు, ఆమేన్ అన్నారు, ఏడ్చారు, చివరికి లేనివాళ్లకు వంతులు పంపి పండగ చేసుకున్నారు. మనం మాత్రం స్టేజీ ఎక్కాక “ఎవరైనా ఒకరు చదవండమ్మా” అంటాం. మన బైబిలు భాష గ్రాంథికం. అప్పటికప్పుడు అందిస్తే డిగ్రీ చదివిన పిల్లలు కూడా తడబడతారు. అందుకని చదివేవాళ్లకు శనివారం సాయంత్రమే భాగం ఇచ్చి రెండుసార్లు పైకి చదివించండి. ఇంతకన్నా ఖర్చులేని సంస్కరణ నేను చూడలేదు.

పాటల వంతు ఐదో వారం దాకా రానివ్వకండి. వచ్చినప్పుడు కొలొస్సయి 3:16 తెరవండి. క్రీస్తు వాక్యం మీలో సమృద్ధిగా నివసించాలి, కీర్తనలతో ఒకరికొకరు బోధించుకోవాలి అంటుంది. అంటే పాట కూడా బోధే. పక్కవాడికి నా గొంతు వినబడాలి. స్పీకర్ల మోతలో పక్కవాడి గొంతు వినబడకపోతే ఆ వచనం అక్కడ జరగడం లేదన్నమాట. ఈ ఒక్క మాట మీ సౌండ్ అబ్బాయికి విడిగా, టీ తాగుతూ చెప్పండి. స్టేజీ మీద నుంచి కాదు. తర్వాత గత మూడు నెలల్లో పాడిన పాటల జాబితా రాసి, ఏ పాటలో యేసు మరణ పునరుత్థానాలున్నాయి, ఏ పాటలో ‘నేను, నాకు, నా’ తప్ప ఇంకేమీ లేదు అని బృందంతో గుర్తులు పెట్టించండి. మీరు తీర్పు చెప్పకండి. వాళ్లే చెప్తారు.

ఇంకొకటి ఉంది, ఇది నా మీద బరువుగా మిగిలిన సంగతి. ఒక శుక్రవారం మా సంఘంలో ఒక కుర్రాడు బండి ప్రమాదంలో పోయాడు. ఆదివారం వాళ్లమ్మ వచ్చి స్త్రీల వైపు చాప మీద కూర్చుంది. మా వాళ్లు ముందే సిద్ధం చేసుకున్న గంతులేసే పాటలే అందుకున్నారు. నేనూ ఆపలేదు. రెండో పాటకు ఆమె లేచి వెళ్లిపోయింది. ఆ వారమంతా కీర్తనల గ్రంథం ముందేసుకుని కూర్చున్నాను. 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా మొర పెట్టుకునేవే. 13వ కీర్తన “ఎన్నాళ్లు” అని నాలుగుసార్లు అడుగుతుంది. 88వ కీర్తనైతే చీకటిలోనే ముగుస్తుంది, వెలుగు రాకుండానే. ఇవన్నీ దేవుని ప్రజలు గుడిలో పాడుకున్నవి. మనం మాత్రం ఏడ్చేవాళ్లకు ఆరాధనలో చోటు లేకుండా చేశాం. అప్పట్నుంచి నెలకొకసారి ఒక విలాప కీర్తన అందరం కలిసి చదువుతాం. తుఫాను వచ్చిన ఏడూ, పొగాకు ధర పడిపోయిన ఏడూ ఆ అలవాటు మమ్మల్ని నిలబెట్టింది. మీ ఎనిమిది వారాల్లో దేన్ని కుదించినా దీన్ని కుదించకండి.

ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడం, విషయంలో సంఘానికో పద్ధతి. కొందరికి నెలకొకసారి, బ్రదరన్ వాళ్లకు, భక్తసింగ్ గారు మొదలుపెట్టిన హెబ్రోను సహవాసాలకు ప్రతి ఆదివారం. ఆ చర్చ పక్కన పెట్టండి. 1 కొరింథీ 11ను మాత్రం 17వ వచనం నుంచి చదివించండి, 27 నుంచి కాదు. మనవాళ్లకు “అయోగ్యముగా” అన్న మాటే తెలుసు. తోడికోడలితో మాట పడిందని ఆరు నెలలు బల్లకు దూరంగా ఉన్న ఆడవాళ్లను చూశాను. పై నుంచి చదివితే అసలు సంగతి తెలుస్తుంది: కొరింథులో ఉన్నవాళ్లు ముందే తినేస్తున్నారు, లేనివాళ్లు ఆకలితో ఉంటున్నారు, ఒకడేమో మత్తులో ఉంటున్నాడు. పౌలు కోపం దాని మీద. యాకోబు 2 కూడా ఇక్కడే కలపండి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మురికి బట్టలవాడికి పాదపీఠం దగ్గర చోటు. మన సంఘాల్లో ముందు వరస ప్లాస్టిక్ కుర్చీలు ఎవరికోసం వేస్తారో, అమెరికా నుంచి వచ్చినవాళ్లను ఎక్కడ కూర్చోబెడతారో మీకు నేను చెప్పాలా? కులం మాట కూడా ఇక్కడే వస్తుంది, రానివ్వండి. హైదరాబాదు హెబ్రోనులో భక్తసింగ్ గారి కాలం నుంచీ అందరూ నేల మీద చాపల మీదే కూర్చోవడం, తర్వాత కలిసి ప్రేమ విందు తినడం ఊరికే పెట్టుకున్న ఆచారం కాదు. ఆ పాఠం చెప్పిన ఆదివారం మేం కుర్చీలు తీసేశాం. మోకాళ్ల నొప్పులవాళ్లకు మాత్రం ఉంచాం. సంఘపెద్ద ఒకరు రెండు వారాలు రాలేదు. మూడో వారం వచ్చి చాప మీదే కూర్చున్నాడు. ఇప్పటికీ ఆ విషయం నాతో మాట్లాడడు.

ఆమోసు 5 కూడా అదే వారం. అన్యాయం చేస్తూ పాడే పాటల్ని దేవుడు వినను పొమ్మన్నాడు. కూలి డబ్బు ఆపినవాడి కానుక గురించి ఇంకో ప్రసంగం అక్కర్లేదు, ఆ నాలుగు వచనాలు (21–24) నెమ్మదిగా చదివితే చాలు.

కానుకల గురించి నేను ఎక్కువ చెప్పను, మనవాళ్లు అది ఎక్కువే విన్నారు. హెబ్రీ 13:15, 16 పక్కపక్కన చదవండి: ఒకటి పెదవుల స్తుతియాగం, రెండోది ఉపకారం, ధర్మం. రెండూ యాగాలే.

మీ కుర్రాళ్లు తప్పకుండా అడిగేది ఒకటుంది: “మనసు మంచిదైతే ఎలా ఆరాధిస్తే ఏం?” నిర్గమ 32 చూపించండి. దూడను చేసిన అహరోను, రేపు యెహోవాకు పండగ అని చాటించాడు. పేరు యెహోవాదే. ఉత్సాహానికీ కొదవ లేదు. అయినా అది విగ్రహారాధన అయింది. “ఆత్మతోను సత్యముతోను” అని యేసు సమరయ స్త్రీతో అన్నప్పుడు రెండూ కలిపి అన్నాడు. గ్రీకులో యోహాను 4:20–24 ఐదు వచనాల్లో ఆరాధన మాట పదిసార్లు వస్తుంది. ఆమె అడిగింది ఏ కొండ మీద అని. ఆయన ఎవరిని అన్న చోటికి తిప్పాడు, తండ్రిని అన్నాడు.

పెద్దవాళ్లు అడిగేది ఇంకొకటి: “డ్రమ్ములు బైబిల్లో ఉన్నాయా?” 150వ కీర్తనలో తంబుర, తాళాలు, నాట్యం అన్నీ ఉన్నాయి. వాళ్లను ఓడించడానికి ఆ వచనం వాడకండి. ఇది పాత తగువు. 16వ శతాబ్దంలో సంఘ సంస్కర్త లూథరు తానే పాటలు రాసి జనంచేత పాడించాడు. అదే కాలంలో జ్యూరిక్‌లో జ్వింగ్లీ అనే ఇంకో సంస్కర్త తాను మంచి సంగీతజ్ఞుడై ఉండి కూడా ఆరాధనలో సంగీతమే వద్దన్నాడు. వాక్యం ఆజ్ఞాపించిందే చేయాలన్నవాళ్లు ఒకవైపు, వాక్యం నిషేధించనిది చేయవచ్చన్నవాళ్లు ఒకవైపు. రెండు వైపులా దేవునికి భయపడేవాళ్లే ఉన్నారు. దేవుడు చెప్పని నిప్పు తెచ్చి చనిపోయిన నాదాబు, అబీహుల కథ (లేవీ 10) తీసి కుర్రాళ్ల మీద విసిరే పెద్దమనిషి ప్రతి సంఘంలోనూ ఒకడుంటాడు. వాళ్లు చచ్చింది డ్రమ్ము కొట్టినందుకు కాదని మెల్లగా చెప్పండి. “సమస్తమును మర్యాదగాను క్రమముగాను” అన్న 1 కొరింథీ 14:40 కూడా అంతే. అదే అధ్యాయం 26వ వచనంలో ఒక్కొక్కరూ ఏదో ఒకటి తెస్తున్నారు, కీర్తన ఒకరు, బోధ ఒకరు. క్రమం పెట్టింది నలుగురూ పాలుపొందడానికి, ఒక్క పాస్టరే మాట్లాడడానికి కాదు.

చివరి వారం నేను బైబిలు బయటి సాక్ష్యాలు రెండు చెప్తాను, జనానికి చాలా ఇష్టం. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ అధిపతి ప్లినీ త్రాజాను చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడిగా ఎంచి వంతులవారీగా పాడతారని ఉంది. మొదటి పేతురు పత్రిక మొదటి వచనంలో ఆ బితూనియ పేరే ఉంది, చూపించండి. రెండోది, 155 ప్రాంతంలో జస్టిన్ అనే క్రైస్తవ బోధకుడు రోమాలో రాసిన విన్నపం. ఆదివారం అందరూ ఒకచోట చేరతారు, అపొస్తలుల, ప్రవక్తల రాతలు సమయమున్నంతసేపు చదువుతారు, పెద్ద హెచ్చరిస్తాడు, లేచి ప్రార్థిస్తారు, రొట్టె ద్రాక్షారసం తెస్తారు, జనం ఆమేన్ అంటారు, రానివారికి ఇంటికి పంపుతారు, పోగైన కానుకను అనాథలకు, విధవరాండ్రకు, చెరలో ఉన్నవారికి ఇస్తారు. ఇది చదివినప్పుడు మా దగ్గర ఒకాయన, “మన క్రమమే కదండీ!” అన్నాడు. “చివరిది తప్ప” అంది ఆయన భార్య.

రెండు జాగ్రత్తలు. ఒకటి, పులిపీఠం (ప్రసంగ వేదిక) ఎక్కకముందు నాలుగు శనివారాలు సంఘపెద్దలతోనూ పాటల బృందంతోనూ కూర్చోండి. ఆదివారం మైకులో వాళ్ల గురించి వాళ్లు మొదటిసారి వినకూడదు. మైకు పట్టుకునే అబ్బాయిచేత “ఆరాధన అయిపోయింది, ఇక వాక్యం” అన్న మాట మానిపించండి. “వాక్యం ద్వారా ఆరాధిద్దాం” అంటే చాలు. రెండు, మీరు కూడా పాటలప్పుడు పక్క గదిలో ప్రసంగం చూసుకుంటూ కూర్చోకండి. నేను ఏళ్లపాటు అదే చేశాను. పాస్టరు లేని నలభై నిమిషాల్ని జనం ఆరాధన ఎందుకనుకోవాలి?

ఎప్పుడు మొదలుపెట్టాలంటే, డిసెంబరులో మాత్రం వద్దు. సెమీ క్రిస్మస్‌లు, నాటికల రిహార్సల్సు, ముప్పై ఒకటో తారీఖు రాత్రి కూటం, కొత్త సంవత్సరం వాగ్దానం కార్డులు, వీటి మధ్య ఎవరి చెవికీ ఎక్కదు. సంక్రాంతికి ఊళ్లకెళ్లినవాళ్లు తిరిగొచ్చిన ఆదివారం మొదలుపెట్టండి. మధ్యలో ఒకటి రెండు వారాలు పోయినా, బల్ల పాఠాన్ని మంచి శుక్రవారానికి ముందురోజు గురువారం రాత్రికి అట్టిపెట్టుకోవచ్చు. ఆ రాత్రి వచ్చేవాళ్లు తక్కువే, చాపలు సరిపోతాయి.